ఒకే బిడ్డ, మూడు కాగితాలు: పరిశోధన కోసం ఆటిజం నిర్ధారణ

రేణిగుంట స్టేషన్ దగ్గర ఇల్లున్న ఒక నాలుగేళ్ళ పిల్లవాణ్ని ఊహించుకుందాం. రైళ్ళ అనౌన్స్‌మెంట్లు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లోనూ పొల్లుపోకుండా అప్పజెబుతాడు. దాహమేస్తే మాత్రం ‘నీళ్ళు’ అనడు. అమ్మ మణికట్టు పట్టుకుని బిందె దాకా లాక్కెళ్ళి, ఆమె చేతిని చెంబు మీద పెడతాడు. ఆమె ముఖం వంక చూడడు. అవ్వకు దిగులేమీ లేదు. ‘‘మగపిల్లోళ్ళకు మాటలు లేటే, వాళ్ళ నాయనకూ అంతే’’ అంటుంది. చిన్నప్పుడు వస సరిగ్గా పోయలేదన్నదొక్కటే ఆమె ఫిర్యాదు.

తిరుపతిలో పిల్లల డాక్టరు చూసి ‘ఆటిజం’ అని రాసి స్పీచ్ థెరపీకి పంపారు. సదరం క్యాంపులో నలభై అంశాల స్కేలు వేసి ఒక మార్కు, దాన్నిబట్టి ఒక శాతం ఇచ్చారు. ఆర్నెల్ల తర్వాత ఒక పరిశోధన బృందం రెండు పూటలు కూర్చోబెట్టి పరీక్షించి, ‘మా అధ్యయనంలోకి తీసుకోలేం’ అంది. ఇంట్లో వాళ్ళకు కొత్త టెన్షన్ మొదలైంది. అంటే మావాడికి ఆటిజం లేనట్టా? అయితే ముందు ఇద్దరూ తప్పు చెప్పారా?

ఎవరూ తప్పు చెప్పలేదు. ముగ్గురూ వేరువేరు ప్రశ్నలకు జవాబు రాశారు. ఈ బిడ్డకు ఇప్పుడు ఏ సాయం కావాలి అన్నది డాక్టరు ప్రశ్న. అనుమానం ఉన్నా థెరపీ మొదలుపెట్టడం వల్ల పోయేదేమీ లేదు కాబట్టి ఆయన కాస్త ఉదారంగా ఉండొచ్చు. చట్టం చెప్పిన వైకల్యం ఎంత శాతం అన్నది సదరం బోర్డు ప్రశ్న. పరిశోధకుడి ప్రశ్న వీటికి దూరంగా ఉంటుంది. ‘ఆటిజం’ అని ఒక గంపలో వేసిన ఈ వంద మంది ఒకరితో ఒకరు పోల్చదగ్గంత దగ్గరగా ఉన్నారా, సియోల్‌లోనో లండన్‌లోనో అదే పేరుతో ఇంకొకరు వేసిన గంపతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చా అని అతను చూస్తాడు.

పుత్తూరు కట్టుకు పోయేవాళ్ళు కూడా ఇప్పుడు ఎక్స్‌రే చేత్తో పట్టుకుని పోతున్నారు. ఎముక విరిగిందా లేదా అన్నదానికి ఒక బొమ్మ ఉంది. ఆటిజానికి అలాంటి బొమ్మ లేదు. రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు, ఇది ఉంటే ఆటిజమే అని తేల్చే జన్యువూ లేదు. కొంతమంది పిల్లల్లో జన్యుమార్పులు దొరుకుతాయి, కానీ అవి కారణం గురించి చెబుతాయి. నిర్ధారణ మాత్రం ప్రవర్తన చూసే చేయాలి. ప్రవర్తనను చూసేది మనిషి. కాబట్టి ఆటిజం పరిశోధనలో కొలబద్ద కూడా మనిషే. ఈ రంగంలోని చిక్కుల్లో సగం ఇక్కడినుంచే వస్తాయి.

దానికి తోడు నిర్వచనం కూడా కదులుతూ వచ్చింది. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పుడు ఆయన చూసింది చాలా స్పష్టంగా కనబడే లక్షణాలున్న పిల్లల్ని. మానసిక జబ్బుల నిర్వచనాలుండే అమెరికన్ మానసిక వైద్యుల డీఎస్‌ఎం పుస్తకంలోకి ఆటిజం విడి జబ్బుగా వచ్చింది 1980లో. 1994లో మాటా తెలివీ వెనకబడని రకంగా ఆస్పర్జర్ సిండ్రోమ్ చేరింది, 2013లో అదీ మిగతా ఉపరకాలూ పోయి అన్నీ కలిపి ‘ఆటిజం స్పెక్ట్రమ్’ అయింది. 1985 నాటి వ్యాసంలో ఆటిజం ఉన్నవాళ్ళూ 2015 నాటి వ్యాసంలో ఉన్నవాళ్ళూ ఒకే రకం జనం కారు. ఆటిజం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య ప్రయోగశాలల్లో కొలిచిన తేడాలు, ముఖ్యంగా ఎదుటివారి ముఖంలో భావాన్ని గుర్తుపట్టడం, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడం వంటివాటిలో, ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చాయని 2019లో ఒక విశ్లేషణ చూపించింది. మనుషులు మారిపోయారనుకోనక్కర్లేదు. గంప నోరు పెద్దదైంది.

అందుకే పరిశోధనల్లో ‘డాక్టరు చెప్పారు’ అన్న ఒక్కమాటతో సరిపెట్టరు. రెండు పనిముట్లు ప్రపంచమంతా చెలామణిలో ఉన్నాయి. ఒకటి ఏడాస్. పిల్లవాడితో నేరుగా ఆడుతూ గమనించేది. 1989లో కేథరిన్ లార్డ్, మైకేల్ రట్టర్ తదితరులు తొలిసారి ప్రచురించారు. ఇప్పుడు వాడుతున్న రెండో కూర్పు 2012లో వచ్చింది. రెండోది ఏడీఐ-ఆర్. ఇది తల్లిదండ్రులతో జరిపే దీర్ఘమైన ఇంటర్వ్యూ. 1994 నాటిది, 93 అంశాలుంటాయి, గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది.

ఏడాస్ గదిలోకి ఒకసారి తొంగిచూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. చిన్న బల్ల, బొమ్మలు, సబ్బు నురగ బుడగలు ఊదే గొట్టం, బెలూను, తినడానికి బిస్కెట్లు. పిల్లవాడు ఏదో ఆటలో మునిగి ఉండగా పరీక్షించేవాళ్ళు వెనకనుంచి పేరు పెట్టి పిలుస్తారు. తిరిగి చూశాడా? రెండోసారి, మూడోసారి, నాలుగోసారి పిలుస్తారు. అప్పటికీ చూడకపోతే అమ్మను పిలవమంటారు. చూడటానికి ఇంత సులభమైన పరీక్ష లేదు. కానీ ఫైలు మీద పేరు వెంకట సాయి చరణ్ అని ఉండి, ఇంట్లో పుట్టినప్పటినుంచీ అందరూ ‘చిన్నబ్బా’ అనే పిలుస్తుంటే? ‘సాయి చరణ్’ అని నాలుగుసార్లు పిలిచినా వాడికి అది ఎవరో తెలియదు. ఇంట్లో ఏమని పిలుస్తారు అని ముందే అడగని పరీక్షకుడు లేని లక్షణాన్ని రాసుకుపోతాడు.

అలాగే బొమ్మకు పుట్టినరోజు చేసే ఆట ఒకటుంది. కేకు పెట్టి, కొవ్వొత్తులు గుచ్చి, ఊదమంటారు. పిల్లవాడు ఆ నటనలో కలుస్తాడా, తనంతట తాను ఏమైనా చేరుస్తాడా అని చూస్తారు. తిరుపతి టౌనులో కేకు తెలియని పిల్లలు ఇప్పుడు తక్కువే. ఏ మారుమూల పల్లెలోనో పుట్టినరోజంటే తలంటి పోసి గుడికి తీసుకుపోవడమే అయితే, కొవ్వొత్తి ఊదకపోవడానికి ఊహాశక్తి లేకపోవడమే కారణం కానక్కర్లేదు. అదే పిల్లవాడు ఇంట్లో పీట మీద బొమ్మను పెట్టి ‘గోవిందా గోవిందా’ అంటూ ఊరేగిస్తాడేమో. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. ఆ గోవిందలో ఆట ఉందా, లేక రైలు అనౌన్స్‌మెంటు లాగా విన్నది విన్నట్టు తిరిగి పలకడమేనా? బొమ్మ పడిపోతే పూజారిలా కంగారు పడి, అక్క ముఖం చూసి నవ్వితే అది ఆట.

అన్నింటికన్నా విలువైన గమనిక వేలు చూపించడం. రాత్రి మేడ మీద నుంచి చూస్తే ఘాట్ రోడ్డు లైట్లు కొండ మీద దండలా వెలుగుతుంటాయి. ఏడాదిన్నర బిడ్డ వాటివైపు వేలు చూపి, వెంటనే అమ్మ కళ్ళలోకి చూసి, మళ్ళీ లైట్లు చూస్తాడు. వాడికి ఆ లైట్లు తెచ్చివ్వమని కాదు, ‘నువ్వూ చూశావా’ అని. బిస్కెట్ డబ్బా వైపు వేలు చూపడం వేరు, అది కావాలని అడగడం. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది రెండోది ఏదో ఒక తీరులో చేస్తారు, మొదటిది చేయరు, లేదా చాలా ఆలస్యంగా చేస్తారు. బిందె దగ్గరికి లాక్కెళ్ళిన పిల్లవాడికి అమ్మ చెయ్యి పనిముట్టు అయింది, అమ్మ కళ్ళు లెక్కలోకి రాలేదు. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడటం మన దగ్గర మర్యాద కాదు కదా, మరి దీన్నెలా కొలుస్తారు అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. శిక్షణ పొందినవాళ్ళు ఎంతసేపు చూశాడని లెక్కపెట్టరు. చూపు, మాట, సైగ, నవ్వు ఒకదానితో ఒకటి జతపడ్డాయా అన్నది గమనిస్తారు. 2020లో మాస్కులు వచ్చినప్పుడు ఏడాస్‌ను మామూలు పద్ధతిలో చేయలేకపోయింది అందుకే. సగం ముఖం కప్పేశాక ఈ జత కనబడదు.

ఏడీఐ చిక్కు వేరే. అది అమ్మ జ్ఞాపకం మీద నడుస్తుంది. మొదటి మాట ఎన్ని నెలలకు వచ్చింది, నాలుగైదేళ్ళ మధ్య ఎలా ఉండేవాడు అని అడుగుతుంది. తేదీలు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. పండగలు అడిగితే చెబుతారు. ‘‘ఆ ఏడు గంగమ్మ జాతరకు అమ్మా అనేవాడా?’’ ‘‘పుట్టెంట్రుకలు తీయించడానికి కొండకు పోయినప్పుడు ఒకడే నడిచాడా, ఎత్తుకున్నారా?’’ తిరుపతిలో మే నెల జాతర, శరదృతువులో బ్రహ్మోత్సవాలు ఏడాదిని రెండు ముక్కలు చేసి పెడతాయి కాబట్టి ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు మంచి మేకులు దొరికినట్టే. అయినా ఒక పొరపాటు తప్పదు. బిడ్డ పెరిగేకొద్దీ, మొదటి మాట వచ్చిన వయసు కూడా తల్లిదండ్రుల జ్ఞాపకంలో ముందుకు జరుగుతుంది. మూడేళ్ళప్పుడు ‘పద్దెనిమిది నెలలకు’ అన్న తల్లే పదేళ్ళప్పుడు ‘రెండేళ్ళు దాటాక’ అనవచ్చు. ఇది పరిశోధనల్లో తేలిన సంగతే. ఆమె అబద్ధం చెప్పడం లేదు.

రెండు పరీక్షలూ అయ్యాక కూడా నిర్ణయం మార్కులది కాదు. అనుభవమున్న నిపుణుడు ఆ మార్కులు, తెలివితేటల పరీక్ష, స్కూలు నుంచి వచ్చిన సమాచారం అన్నీ ముందు పెట్టుకుని ఒక మాట చెబుతారు. దీన్నే ఈ రంగంలో అత్యున్నత ప్రమాణంగా తీసుకుంటారు. ఆ నిపుణులు ఒకరితో ఒకరు ఎంత ఏకీభవిస్తారో కూడా కొలుస్తారు. డీఎస్‌ఎం 2013 కూర్పు కోసం చేసిన క్షేత్ర పరీక్షల్లో ఇద్దరు వైద్యులు విడివిడిగా చూసి ఆటిజం విషయంలో ఏకీభవించిన స్థాయి 0.69. ఒకటి అంటే పూర్తి ఏకీభావం, సున్నా అంటే బొమ్మా బొరుసూ. అదే పరీక్షల్లో డిప్రెషన్‌కు వచ్చింది 0.28 మాత్రమే. ఆ లెక్కన ఆటిజం నిర్ధారణ నమ్మదగిందే. ఏడాస్‌ను పరిశోధనలో వాడాలంటే శిక్షణలో ఒక్కో అంశానికీ వేసే మార్కులు గురువుల మార్కులతో కనీసం 80 శాతం కలవాలి. అక్కడికి రావడానికి నెలలు పడుతుంది. కిట్టుకు అయ్యే ఖర్చు వేరు. చిన్న ఊళ్ళలో ఈ పని జరగకపోవడానికి శ్రద్ధ లేకపోవడం కన్నా ఇదే పెద్ద కారణం.

మనిషి కొలబద్ద ఎక్కడ వంగుతుందో 2012లో వచ్చిన ఒక అధ్యయనం బాగా చూపించింది. ఉత్తర అమెరికాలోని 12 విశ్వవిద్యాలయ కేంద్రాల్లో 2,102 మందిని ఒకే పద్ధతిలో పరీక్షించారు. ఏడాస్, ఏడీఐ మార్కుల తీరు అన్నిచోట్లా దాదాపు ఒకటే. కానీ ఇతనిది ‘ఆటిస్టిక్ డిజార్డర్’, ఇతనిది ‘ఆస్పర్జర్’ అని ఉపరకం పేరు పెట్టడంలో మాత్రం కేంద్రానికో పద్ధతి ఉంది. పిల్లవాడి లక్షణాల కన్నా ఏ ఊళ్ళో పరీక్షించారన్నదాన్నిబట్టి పేరు మారిపోయింది. మరుసటి ఏడాది ఆ ఉపరకాలన్నీ ఎత్తేయడానికి ఇలాంటి ఫలితాలు గట్టి బలమిచ్చాయి.

ఇక్కడో చిన్న లెక్క చూడాలి. ఒక పరీక్ష ఆటిజం ఉన్నవాళ్ళలో వందకు 90 మందిని పట్టుకుంటుందనీ, లేనివాళ్ళలో వందకు 90 మందిని సరిగ్గా వదిలేస్తుందనీ అనుకుందాం. దాన్ని అంగన్‌వాడీల్లో వెయ్యి మంది పిల్లల మీద వేశారు. వందకు ఒకరి చొప్పున పది మందికి ఆటిజం ఉందనుకుంటే అందులో 9 మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో 99 మంది కూడా ‘ఉంది’ అని తేలుతారు. మొత్తం 108 మందిలో నిజంగా ఉన్నవాళ్ళు తొమ్మిది మంది. అదే పరీక్షను, సగం మందికి ఆటిజం ఉండే ప్రత్యేక క్లినిక్‌లో వెయ్యి మందికి వేస్తే, ‘ఉంది’ అని తేలిన 500 మందిలో 450 మందికి నిజంగానే ఉంటుంది. పరీక్ష మారలేదు, వరసలో నిలబడ్డవాళ్ళు మారారు. ఫోనులో ఇరవై ప్రశ్నలు నింపి ‘మా బిడ్డకు ఆటిజం’ అని ఏడ్చే తల్లులకూ, అంగన్‌వాడీ స్క్రీనింగ్ అంకెనే జిల్లాలో ఆటిజం లెక్కగా వేసేసే వార్తలకూ ఈ లెక్క ఒక్కటి తెలిస్తే చాలు.

పరిశోధకుడు సాధారణంగా గీతను కఠినంగా గీస్తాడు. గంపలో ఒక్క తప్పు కాయ పడినా ఫలితం చెడుతుందని భయం. ఆ కఠినత్వానికి వెల ఎవరు కడుతున్నారో చూస్తే బాధగా ఉంటుంది. ఏడాస్‌ను ప్రవేశద్వారంగా పెట్టడం వల్ల, అప్పటికే ఆటిజం నిర్ధారణ ఉన్న మహిళలు పురుషుల కన్నా ఎక్కువ పాళ్ళలో అధ్యయనాల బయటే మిగిలిపోతున్నారని 2022లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. మన ఇళ్ళలో తల వంచుకుని, గట్టిగా మాట్లాడకుండా, ఒక మూల కూర్చుని రంగులు వేసుకునే ఆడపిల్లను చూసి ఎవరికీ అనుమానం రాదు. ‘బంగారు తల్లి, మాటకు మాట చెప్పదు’ అని మెచ్చుకుంటారు కూడా. ఆ పిల్ల గీత దాకా కూడా రాదు.

ఇక తెలివితేటల్లో కూడా వెనకబాటు ఉన్న పిల్లల సంగతి. 2016లో వెలువడిన ఆటిజం అధ్యయనాలను జల్లించి చూస్తే, అందులో పాల్గొన్నవారిలో 94 శాతం మందికి మేధో వైకల్యం లేదని 2019లో ఒక సమీక్ష తేల్చింది. స్కానర్‌లో కదలకుండా పడుకోగలిగినవాళ్ళు, ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్ళు ముందు చేరిపోతారు. మన దగ్గర దీనికి బస్సు చార్జీ కూడా తోడవుతుంది. కుప్పం నుంచి తిరుపతికి రెండు పూటలు పరీక్షకు రావాలంటే ఆ ఇంటికి రెండు రోజుల కూలి పోతుంది. చిత్తూరు వైపు వాళ్ళు వెల్లూరు ఆస్పత్రికే పోతారు. చివరికి ‘తిరుపతి ఆటిజం పిల్లలు’ అని వ్యాసంలో కనబడేది తిరుపతిలో ఉద్యోగం చేసుకునే, లీవు దొరికే తల్లిదండ్రుల పిల్లలు.

క్లినిక్‌కు వచ్చినవాళ్ళతో ఆగకుండా జనం మధ్యకు వెళ్తే లెక్కలు ఎలా తలకిందులవుతాయో దక్షిణ కొరియాలో తెలిసింది. సియోల్ పక్కనున్న ఇల్సాన్ ప్రాంతంలో 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 2.64 శాతం అని వచ్చింది. అందులో మూడింట రెండొంతుల మంది మామూలు బడుల్లో, ఏ నిర్ధారణా లేకుండా చదువుకుంటున్నవాళ్ళే. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దారి వేరు. అది ప్రధానంగా రికార్డులు తిరగేస్తుంది. 2000 నాటి ఎనిమిదేళ్ళ పిల్లల్లో 150 మందికి ఒకరు అన్న అంకె, 2022 నాటి పిల్లలకు వచ్చేసరికి 31 మందికి ఒకరైంది. ఈ రెండు రకాల అంకెల్ని పక్కపక్కన పెట్టి గ్రాఫు గీసేవాళ్ళను నమ్మకూడదు.

మన దేశంలో ఇలా జనం మధ్యకు వెళ్ళిన పెద్ద పని 2018లో వెలువడింది. పల్వల్, కాంగ్రా, ధెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్ ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 3,964 మందిని చూశారు. ఆటిజం కోసం ఇక్కడే తయారైన ఐఎన్‌డీటీ పనిముట్టు వాడారు. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన ఐఎస్ఏఏ స్కేలు, అంటే సదరం క్యాంపులో వేసినది, దానికి భిన్నం. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు, మొత్తం 200. డెబ్భై లోపు వస్తే ఆటిజం లేనట్టు. 2016లో వైకల్య ధ్రువీకరణకు కేంద్రం దీన్ని పెట్టింది. తీవ్రతను కొలవడానికి అది పనికొస్తుంది. కానీ సదరం మార్కును పరిశోధన ప్రవేశానికి వాడుకోవడం మంచిది కాదు. నలభై శాతం దాటితే పింఛను, బస్ పాసు ఉన్నచోట తల్లి చెప్పే జవాబు ఒకవైపు వంగుతుంది. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన అక్క ఉంటే అదే జవాబు రెండోవైపు వంగుతుంది. ఈ రెండూ స్కేలులో కనబడవు.

చిత్తూరు, నగరి, కుప్పం ప్రాంతాలకు ఇంకో చిక్కు ప్రత్యేకం. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. కుప్పంలో వాటికి కన్నడ కూడా తోడు. ఏడాస్‌లో ఏ భాగం వేయాలన్నది పిల్లవాడు ఎంత మాట్లాడతాడన్నదాన్నిబట్టి ఎంచుతారు. ఇంటిభాషలో వాక్యాలు చెప్పగల పిల్లవాణ్ని తెలుగులో మాత్రమే పలకరించి ‘విడి మాటలే’ అని రాస్తే మొదటి అడుగే తప్పు. దీనికి తిరగబడి, వాడి తాకత్తుకు మించిన భాగం వేస్తే లేని ఆటిజం కూడా కనబడే ప్రమాదముంది.

ఇంతకీ రేణిగుంట పిల్లవాడు ఎక్కడ ఆగాడు? ఏడాస్‌లో గీత దాటాడు. ఏడీఐలో ఒక విభాగంలో ఒక్క మార్కు తక్కువైంది. ఆ బృందం రెండూ దాటాలని ముందే నియమం పెట్టుకుంది. ఇంకో బృందమైతే నిపుణుడి మాటతో చేర్చుకునేదే. ఇది ఇంట్లోవాళ్ళకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ‘మీ అబ్బాయి ఎంపిక కాలేదు’ అన్న ఫోన్ కాల్‌తో వదిలేస్తే వాళ్ళు స్పీచ్ థెరపీ మానేయవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్ళు దాటిన బిడ్డ ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. పరీక్ష అయ్యాక ఏం తేలిందో, అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పే పది నిమిషాలకు కూడా అంత పట్టింపు ఉంటే బాగుండేది. పరిశోధన బృందం ఇచ్చిన మార్కు సదరం క్యాంపులో చెల్లదు. అక్కడి కాగితం థెరపీ ఎలా సాగాలో చెప్పదు.

ఆ ఒక్క మార్కు తక్కువైన ఫైలును కూడా పారేయకుండా ఉంచుకోవాలి. వీడియోతో సహా, ప్రతి అంశం మార్కూ విడివిడిగా. 2013లో నిర్వచనం మారినప్పుడు అంశాలవారీగా రాసి పెట్టుకున్నవాళ్ళు పాత పిల్లల్ని కొత్త గీతతో మళ్ళీ కొలిచి చూసుకోగలిగారు. ఫైలులో ‘ఉంది’, ‘లేదు’ అని మాత్రమే రాసుకున్నవాళ్ళు మళ్ళీ ఇళ్ళ చుట్టూ తిరగాల్సి వచ్చేది, అప్పటికి ఆ పిల్లలకు మీసాలు వచ్చేసి ఉండేవి.